స్మార్ట్ మీటరు పెట్టగానే గ్రిడ్ స్మార్ట్ అవుతుందా?

క్లుప్తంగా: దేశమంతటా స్మార్ట్ మీటర్లు పెట్టే పని నడుస్తోంది. చాలామంది దృష్టిలో స్మార్ట్ గ్రిడ్ అంటే ఈ మీటరే. కానీ గ్రిడ్‌లో ఇన్నోవేషన్‌ను కొలవాల్సింది కొత్త పరికరంతో కాదు. ఎవరు ఎప్పుడు ఎంత వాడాలి, లెక్క తప్పితే ఎవరు కట్టాలి, మిగిలింది ఎవరికి చెందాలి అన్న ఏర్పాటు మారిందా లేదా అన్నదే అసలు కొలత. ఏబీటీ అనే ధరల పద్ధతి నుంచి వ్యవసాయ ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే సరఫరా లైన్ల) దాకా గత పాతికేళ్ల అనుభవం ఇదే చెబుతోంది.

గొడవ ఎక్కడ మొదలైంది

కేంద్రం 2021 జులైలో విద్యుత్ పంపిణీని సంస్కరించే ఆర్‌డీఎస్ఎస్ పథకం తెచ్చింది. మొత్తం అంచనా వ్యయం రూ. 3,03,758 కోట్లు, అందులో కేంద్రం సాయం రూ. 97,631 కోట్లు. 2025 మార్చి కల్లా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది మొదటి లక్ష్యం. అది నెరవేరలేదు, గడువు పొడిగించాల్సి వచ్చింది.

ఈ లోపు జనంలో అనుమానాలు పెరిగాయి. 2024 మేలో గుజరాత్‌లోని వడోదరలో బిల్లులు ఎక్కువ వస్తున్నాయంటూ వినియోగదారులు రోడ్డెక్కారు. పాత మీటరును కూడా పక్కనే ఉంచి రెండు రీడింగులూ పోల్చి చూపిస్తామని అక్కడి ప్రభుత్వం సర్దిచెప్పాల్సి వచ్చింది. మరుసటి నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వం సాధారణ గృహ వినియోగదారులకు ప్రీపెయిడ్ మీటర్లు పెట్టబోమని ప్రకటించింది. కేరళ, ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెట్టి ఏళ్ల తరబడి నడిపే పద్ధతి వద్దనుకుని తన సొంత దారి చూసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో వామపక్షాలు స్మార్ట్ మీటర్లకు వ్యతిరేకంగా నిరసనలు చేశాయి. తెలంగాణలో అంతకు ముందే, మోటార్లకు మీటర్లు పెట్టేది లేదన్న మాట రాజకీయ నినాదమైపోయింది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఆర్‌డీఎస్ఎస్ మార్గదర్శకాల్లో ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల నుంచి వ్యవసాయ కనెక్షన్లకు మినహాయింపు ఉంది. ఆ పథకం అడిగేది ఇళ్లకు, దుకాణాలకు, ఫీడర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు. పంపుసెట్ల మీటర్ల వివాదం వేరే చోట నుంచి వచ్చింది. విద్యుత్ సంస్కరణలు చేసే రాష్ట్రాలకు జీఎస్‌డీపీలో (రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో) 0.5 శాతం దాకా అదనపు అప్పు తెచ్చుకునే వీలు కేంద్రం కల్పించింది. ఆ అర్హతకు చూసే అంశాల్లో వ్యవసాయ వాడకాన్ని మీటరుతో కొలవడమూ ఒకటి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే చర్చ ఎప్పుడూ పక్కదారి పడుతోంది.

గ్రిడ్ పని ఎందుకు మారింది

విద్యుత్తును తయారైన క్షణంలోనే వాడాలి. ఉత్పత్తి, వాడకం సమానంగా ఉన్నంతసేపూ ఫ్రీక్వెన్సీ (సెకనుకు కరెంటు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉంటుంది. వాడకం ఎక్కువైతే అది పడిపోతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. మన దేశంలో నిబంధనల ప్రకారం అది 49.90 నుంచి 50.05 మధ్యే ఉండాలి.

పాత గ్రిడ్‌కు పని తేలిక. రామగుండంలోనో విజయవాడలోనో బొగ్గు మండుతుంది, కరెంటు పెద్ద లైన్ల మీదుగా సబ్‌స్టేషన్‌కు, అక్కడి నుంచి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు, చివరకు ఇంటికి వస్తుంది. దారి ఒకవైపే. జనం ఎంత వాడితే అంత తయారుచేయడమే కంట్రోల్ రూమ్ పని.

సోలార్ వచ్చాక ఈ వరస తిరగబడింది. దేశంలో సోలార్ స్థాపిత సామర్థ్యం 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. మధ్యాహ్నం కరెంటు అవసరానికి మించి ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక సోలార్ సున్నాకు వస్తుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు, వంటింటి పరికరాలు ఆన్ అవుతాయి. ఆ రెండు మూడు గంటల్లో థర్మల్, జల విద్యుత్ కేంద్రాలు పరుగున పైకి రావాలి. అమెరికాలోని కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లోనే ఈ మధ్యాహ్నపు లోతును, సాయంత్రపు ఎగబాకుడును గ్రాఫ్‌గా గీసి చూపించారు. మన దగ్గర రాజస్థాన్‌లో ఇప్పటికే మరో రూపం కనబడుతోంది. తీసుకెళ్లడానికి లైన్లు చాలక, తయారు కాగల సోలార్ కరెంటును ఆపేయాల్సి వస్తోంది.

రెండో చిక్కు కంటికి కనబడనిది. థర్మల్ కేంద్రంలోని భారీ టర్బైన్ కుమ్మరి సారె లాంటిది. కర్ర తీసేసినా సారె కాసేపు తిరుగుతూనే ఉన్నట్టు, ఎక్కడో ఒక ప్లాంటు ఆగినా మిగతా టర్బైన్ల వేగం వెంటనే పడిపోదు. ఆ కొద్ది సెకన్ల వ్యవధిలోనే మిగతా కేంద్రాలు సర్దుకుంటాయి. సోలార్ ప్యానెల్‌లో తిరిగేదేమీ లేదు. దాని కరెంటు డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ గుండా వస్తుంది, ఆ ఇన్వర్టర్‌కు ఏం చెప్పి పెడితే అదే చేస్తుంది. ఏం చెప్పాలన్నది నిబంధన రాసేవాళ్ల చేతిలో ఉంది.

స్పెయిన్, పోర్చుగల్ ఈ పాఠం 2025 ఏప్రిల్ 28న నేర్చుకున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం రెండు దేశాలూ చీకటైపోయాయి. అదుపు తప్పి పెరిగిన వోల్టేజీ వల్ల ప్లాంట్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయని యూరప్ గ్రిడ్ నిపుణుల దర్యాప్తు తేల్చింది. సోలార్ ప్లాంట్లలోని ఇన్వర్టర్లకు వోల్టేజీని సర్దే సత్తా ఉంది. కానీ వాటిని స్థిరమైన పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే వోల్టేజీ మారినా దానికి తగ్గట్టు సర్దకుండా, నడపాలన్నది అప్పటి నిబంధన. పరికరం కొత్తదే, దాన్ని నడిపే రూలు పాతది.

మన గ్రిడ్ ఇలాంటి పరీక్షను ఒకసారి బాగా దాటింది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాల పాటు లైట్లు ఆర్పమని ప్రధాని పిలుపునిచ్చినప్పుడు దేశం మొత్తం మీద డిమాండ్ 31,000 మెగావాట్లకు పైగా పడిపోయింది, కాసేపటికే మళ్లీ లేచింది. ముందే వేసుకున్న ప్రణాళిక ప్రకారం జల విద్యుత్ కేంద్రాలను నిమిషాల్లో దించి, ఎక్కించి నెగ్గుకొచ్చారు. ఆ రోజు వాడిన యంత్రాల్లో కొత్తవి దాదాపు లేవు. ఏ రాష్ట్రం ఏ నిమిషానికి ఏం చేయాలన్న సమన్వయమే గ్రిడ్‌ను కాపాడింది.

పరికరం కాని ఇన్నోవేషన్: ఏబీటీ

భారత గ్రిడ్ చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఇన్నోవేషన్ ఏదని అడిగితే, ఈ రంగంలో పనిచేసినవాళ్లు చాలామంది చెప్పే పేరు ఏబీటీ. అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్ అనే ధరల పద్ధతి అది. దాని గురించి బయట పెద్దగా తెలియకపోవడం విచారకరం, ఎందుకంటే స్మార్ట్ గ్రిడ్ అనే మాట వాడుకలోకి రాకముందే ఆ పని చేసి చూపించింది అదే.

1990లలో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఇష్టమొచ్చినట్టు ఊగేది. సాయంత్రం పీక్ వేళ దక్షిణ గ్రిడ్‌లో 49 హెర్ట్జ్‌కు దిగువన గంటల కొద్దీ నడిచేది. రాత్రి వాడకం తగ్గాక కొన్ని ప్రాంతాల్లో 51 దాటేది. పంపులు నెమ్మదించడం, ట్యూబ్‌లైట్లు కొట్టుకోవడం, టర్బైన్ బ్లేడ్లు దెబ్బతినడం అన్నీ దీని పర్యవసానాలే. కారణం సాంకేతిక లోపం కాదు. కేంద్ర విద్యుత్ కేంద్రాల నుంచి తన వాటాకు మించి లాగే రాష్ట్రానికి దాని వల్ల నష్టం లేదు. అర్ధరాత్రి డిమాండ్ లేకపోయినా ఉత్పత్తి తగ్గించకుండా నడిపే ప్లాంటుకూ శిక్ష లేదు, పైగా ప్రోత్సాహకం వచ్చేది.

కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2000 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో ఈ లెక్క మారింది. దీని రూపకల్పనలో ముఖ్యుడిగా భాను భూషణ్ పేరు చెబుతారు. ఆయన పవర్‌గ్రిడ్‌లో పనిచేసి తర్వాత అదే మండలి సభ్యుడయ్యారు. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేశారు. ప్రతి రాష్ట్రం, ప్రతి ప్లాంటు ముందురోజే తమ షెడ్యూలు చెప్పాలి. షెడ్యూలు తప్పితే ఆ తేడాకు అప్పటి ఫ్రీక్వెన్సీని బట్టి ధర పడుతుంది. మొదట్లో 50.5 హెర్ట్జ్ దగ్గర ధర సున్నా, కిందికి పోయే కొద్దీ పెరిగి, 49 దగ్గరకు వచ్చేసరికి యూనిట్‌కు రూ. 4.20.

ఒక ఉదాహరణ చూస్తే ఇది ఎలా పనిచేసేదో తెలుస్తుంది. ఒక రాష్ట్రం 5,000 మెగావాట్లు తీసుకుంటానని చెప్పి 5,200 లాగిందనుకుందాం. ఫ్రీక్వెన్సీ 49 దగ్గర ఉంది. ఒక గంటలో అదనంగా తీసుకున్నది రెండు లక్షల యూనిట్లు, కట్టాల్సింది రూ. 8.4 లక్షలు. ఆ సొమ్ము తన వాటా కంటే తక్కువ వాడిన రాష్ట్రానికో, ఎక్కువ ఉత్పత్తి చేసిన ప్లాంటుకో వెళ్తుంది. ఫ్రీక్వెన్సీ 50.5 దగ్గర ఉంటే అదే రెండు లక్షల యూనిట్లు ఉచితం. అంటే గ్రిడ్‌కు కష్టమైన వేళ లాగేవాడికి భారం, ఆదుకున్నవాడికి ఆదాయం.

అన్నిటికంటే గొప్ప సంగతి, ధర చేరవేసే పద్ధతి. గ్రిడ్ అంతటా ఫ్రీక్వెన్సీ ఒకటే. ఏ మారుమూల సబ్‌స్టేషన్‌లో అయినా ఒక చిన్న మీటరు చూసి ఆ క్షణం ధర ఎంతో చెప్పేయవచ్చు. అప్పటికి మన దేశంలో నమ్మదగిన డేటా నెట్‌వర్కులు అంతంత మాత్రమే. ధర సందేశాన్ని గ్రిడ్ తానే మోసుకెళ్లింది. 2002 జులైలో పశ్చిమ ప్రాంతంలో మొదలై 2003 జనవరికి దక్షిణాదికి వచ్చిన ఈ పద్ధతి కొన్ని వారాల్లోనే ఫ్రీక్వెన్సీని దారికి తెచ్చింది. కొత్త ప్లాంటు ఒక్కటి కూడా కట్టకుండా.

అలాగని రూలు ఒక్కటే చాలదు. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్, మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలాయి. 60 కోట్లకు పైగా జనాభా ఉన్న ప్రాంతం అది. 400 కేవీ బీనా–గ్వాలియర్ లైన్‌పై లోడు పెరిగిపోవడం, ప్రమాదంలో లైన్‌ను ఆపే రక్షణ రిలే తప్పుగా పనిచేసి దాన్ని ట్రిప్ చేయడం, వాటాకు మించి లాగడం ఆపమన్న సూచనలకు రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ కేంద్రాలు సరిగా స్పందించకపోవడం కారణాలని దర్యాప్తు కమిటీ చెప్పింది. జరిమానా కట్టి అయినా సరే లాగుదామనుకునే పరిస్థితి వస్తే ధర ఒక్కటే ఆపలేదు. ఆ రోజు దక్షిణాది బయటపడింది. అప్పటికి మిగతా దేశంతో, ఫ్రీక్వెన్సీ కలవకుండానే కరెంటు పంపే హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డైరెక్ట్ కరెంట్) లింకులు మాత్రమే ఉండటం వల్ల అక్కడి కుదుపు ఇటు రాలేదు. రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణ గ్రిడ్ 2013 డిసెంబర్ 31న జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఈ అనుభవం తర్వాత తేడాల లెక్కను కఠినం చేశారు, సెకనుకు పాతిక సార్లు గ్రిడ్ నాడి చూసే కొలత పరికరాలు పెట్టారు, 2020 జూన్ నుంచి అరగంటకోసారి కరెంటు కొని అమ్మే రియల్ టైమ్ మార్కెట్ వచ్చింది. రూలు, పరికరం, మార్కెట్ ఒకదాని వెనుక ఒకటి పెరిగాయి.

మీటరు ఏం చేస్తుంది, ఎవరికి చేస్తుంది

ఇప్పుడు ఇంటి గోడ మీది మీటరు దగ్గరకు వద్దాం. స్మార్ట్ మీటరు అరగంటకోసారి వాడకాన్ని నమోదు చేస్తుంది, వోల్టేజీ చూస్తుంది, ఆ వివరాలను సిమ్ ద్వారానో రేడియో ద్వారానో డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) సర్వర్‌కు పంపుతుంది. అటు నుంచి ఆదేశం వస్తే సరఫరా ఆపుతుంది, తిరిగి ఇస్తుంది.

డిస్కంకు లాభం మొదటి నెల నుంచే కనబడుతుంది. స్పాట్ బిల్లింగ్ మెషీన్ పట్టుకుని ఇంటింటికీ తిరగాల్సిన పని ఉండదు. బకాయి ఉంటే ఫ్యూజు పీకడానికి లైన్‌మన్ స్తంభం ఎక్కనక్కర్లేదు. ప్రీపెయిడ్ అయితే డబ్బు ముందే చేతిలో పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కూ మీటరు ఉంటే మరో పెద్ద లాభం: అక్కడి నుంచి వెళ్లిన యూనిట్లు ఎన్ని, దాని కింద ఉన్న ఇళ్లన్నిటి మొత్తం ఎంత అని పోల్చి, నష్టం ఏ వీధిలో జరుగుతోందో చూడవచ్చు.

వినియోగదారుడికి వచ్చే లాభాలు నిజమైనవే, కానీ షరతులతో కూడినవి. ప్రతి నెలా ఒకే తేదీన రీడింగు పడుతుంది కాబట్టి స్లాబు మారే గొడవ తగ్గుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో 200 యూనిట్ల హద్దు ఉంది. రీడింగు నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ హద్దు దాటిపోతుందేమోనన్న టెన్షన్ చాలా ఇళ్లలో ఉన్నదే. లైన్ చివరి ఇంటికి లో వోల్టేజీ వస్తుంటే, ఫిర్యాదు చేయకుండానే డిస్కంకు తెలిసే అవకాశం ఉంది. అయితే ఆ డేటాను రోజూ చూసి, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలో నిర్ణయించే ఇంజినీరు ఉండాలి. డేటా వస్తూ, చూసేవాళ్లు లేకపోతే మీటరు వసూళ్ల యంత్రంగానే మిగిలిపోతుంది.

దూరం నుంచి సరఫరా ఆపగలగడం రెండు వైపులా పదునున్న శక్తి. 2020 ఆగస్టు 12న, కృష్ణాష్టమి రోజు, ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నరకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్లకు ఒక్కసారిగా కరెంటు పోయింది. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగానే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లిన తప్పుడు ఆదేశం కారణం. పాత పద్ధతిలో ఇలాంటి పొరపాటు ఇంత మంది మీద ఒకేసారి పడే అవకాశమే లేదు. సైబర్ భద్రత, పొరపాటు జరిగితే ఎవరు జవాబుదారీ, ఎన్ని నిమిషాల్లో సరిచేయాలి అన్నవి మీటరు కంటే ముందే తేలాల్సిన విషయాలు.

ఇక డబ్బు సంగతి. మీటరుకు కేంద్రం ఇచ్చే గ్రాంటు చాలా రాష్ట్రాల్లో ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా రూ. 900. మిగతాది మీటర్లు పెట్టి నడిపే సంస్థ ముందు భరించి, డిస్కం నుంచి నెలనెలా మీటరుకు ఇంత చొప్పున ఏళ్ల పాటు వసూలు చేసుకుంటుంది. మీటరు ఉచితం అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఆ నెలవారీ చెల్లింపు డిస్కం ఖర్చులోకే చేరుతుంది. నష్టాలు తగ్గి మిగిలే సొమ్ము ఆ చెల్లింపు కంటే ఎక్కువైతే టారిఫ్‌పై భారం ఉండదు. తక్కువైతే ఉంటుంది. దీనికి దేశమంతటికీ ఒకే జవాబు లేదు. నష్టాలు ఎక్కువ ఉన్న చోట మీటరు త్వరగా గిట్టుబాటవుతుంది. ఇప్పటికే నష్టాలు తక్కువ ఉన్న డిస్కం పరిధిలో, కేవలం వసూళ్ల కోసమే పెడితే గిట్టుబాటు కావడం కష్టం.

వేళను బట్టి ధర

స్మార్ట్ మీటరును గ్రిడ్‌తో నిజంగా ముడిపెట్టేది టైమ్ ఆఫ్ డే టారిఫ్. ఏబీటీ రాష్ట్రాలకు చేసిన పనినే ఇది ఇళ్లకు చేయాలి. కేంద్రం 2023 జూన్‌లో వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. దాని ప్రకారం సోలార్ వేళల్లో మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ. పీక్ వేళల్లో పరిశ్రమలు, వ్యాపారాలకు కనీసం 20 శాతం, ఇతరులకు కనీసం 10 శాతం ఎక్కువ. వ్యవసాయానికి ఇది వర్తించదు. పెద్ద వ్యాపార, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్, మిగతావారికి 2025 ఏప్రిల్ అని గడువు పెట్టారు. అయితే ధరను నిర్ణయించేది రాష్ట్ర నియంత్రణ మండళ్లు కాబట్టి అమలు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌టీ (హై టెన్షన్) పరిశ్రమలకు ఈ పద్ధతి చాలా ఏళ్లుగా అలవాటే. ఇళ్ల సంగతి వేరు.

ఇంట్లో వాడకం ఎంత వరకు జరపగలం? అపార్ట్‌మెంట్ సంపు మోటారు, వాషింగ్ మెషీన్, గీజర్, స్కూటర్ ఛార్జింగ్ పగటికి మార్చుకోవచ్చు. పగలంతా ఇంట్లో ఎవరూ లేని కుటుంబానికి అదీ కష్టమే. సాయంత్రం వంట, ఫ్యాన్లు, చదువుకునే పిల్లల లైటు జరగవు. నెలకు వంద యూనిట్లు కూడా వాడని ఇంటి దగ్గర మార్చడానికి పెద్దగా ఏమీ ఉండదు, పీక్ ధర మాత్రం పడుతుంది. మహారాష్ట్రలో ఇళ్లకు పగటి వాడకంపై రాయితీ ఇచ్చే దారి ఎంచుకున్నారు. శిక్ష కంటే రాయితీతో మొదలుపెట్టడం మేలు. జనం ముందు లాభం చూస్తారు, తర్వాత నమ్ముతారు.

మోటారు, ఆటోస్టార్టర్, ట్రాన్స్‌ఫార్మర్

తెలుగు రాష్ట్రాల్లో స్మార్ట్ గ్రిడ్ చర్చ ఏ దారిన బయల్దేరినా చివరికి బోరుబావి దగ్గరకే వస్తుంది. దానికి చరిత్ర ఉంది. 1980లలో వ్యవసాయ కరెంటుకు మీటరు రీడింగు పోయి, హార్స్‌పవర్ లెక్కన కట్టే పద్ధతి వచ్చింది. 2000లో ఛార్జీల పెంపుపై ఉద్యమం లేచింది, ఆ ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2004 మేలో ఉచిత విద్యుత్ మొదలైంది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇస్తానంది. ఆంధ్రప్రదేశ్‌ది పగటిపూట తొమ్మిది గంటల విధానం. మీటరు అనగానే దాని వెనకే బిల్లు వస్తుందని రైతు అనుకోవడానికి ఈ నేపథ్యమే కారణం. అది అజ్ఞానం కాదు, అనుభవం.

మీటరు లేకపోవడం వల్ల డిస్కం లెక్కలో ఒక పెద్ద చీకటి కోణం మిగిలింది. వ్యవసాయ వాడకం అంచనా మాత్రమే. దొంగతనం, లైన్ నష్టాలు కొంత ఆ అంచనాలోకి చేరిపోతే ఎవరికీ తెలియదు. రైతు వాడని కరెంటు కూడా రైతు పేరునే పడుతుంది. నిజానికి కొలత రైతుకూ మేలే. అయితే ప్రతి మోటారుకూ మీటరు అక్కర్లేదు. వ్యవసాయ ఫీడర్‌ను విడదీసి ఫీడర్‌కు, ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటర్లు పెడితే లెక్క దాదాపు తేలిపోతుంది. గుజరాత్ 2003 నుంచి జ్యోతిగ్రామ్ కింద ఊరి ఫీడర్, పొలం ఫీడర్ వేరుచేసిన దారి ఇదే.

ఆటోస్టార్టర్ కథ ఇంకా బాగా అర్థమవుతుంది. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి పాములకూ తేమకూ భయపడుతూ పొలం వెళ్లే బదులు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే ఆన్ అయ్యేలా రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. ఒక్కో రైతుకు అది తెలివైన పని. కానీ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫీడర్‌కు సరఫరా రాగానే వందలాది మోటార్లు ఒకేసారి లేస్తే వోల్టేజీ కుప్పకూలుతుంది, వైండింగులు కాలిపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టర్‌పై వేసుకుని రిపేరు షెడ్డుకు తీసుకెళ్లే ఖర్చు, పరుగు మళ్లీ రైతులదే. తెలంగాణలో 24 గంటల సరఫరాకు ముందు ఆటోస్టార్టర్లు తీసేయించడానికి 2017లో ప్రత్యేకంగా ప్రచారం చేయాల్సి వచ్చింది. సరఫరా మీద నమ్మకం కుదిరితేనే ఆ డబ్బా ఊడుతుంది.

ఇదే సమస్యకు మరో వైపు నుంచి వచ్చిన జవాబు హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజీ డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్). 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని పెద్ద ఎత్తున చేపట్టారు. అంతకు ముందు ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడవైన ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైన్లు పొలాల మీదుగా పోయేవి. దూరం పెరిగే కొద్దీ నష్టం, కొక్కెం వేసే వీలు రెండూ పెరిగేవి. కొత్త పద్ధతిలో 11 కేవీ లైన్‌నే మోటార్ల దాకా తెచ్చి, నాలుగైదు మోటార్లకు ఒక చిన్న 15 లేదా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. నష్టం తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ నలుగురైదుగురు రైతులది అయింది. దాని మీద అదనపు మోటారు తగిలిస్తే కాలేది తమ మోటారే కాబట్టి వాళ్లే చూసుకున్నారు. ఇందులో డిజిటల్ అన్నది ఏమీ లేదు. ఉన్నదల్లా బాధ్యత ఎవరిదో తేల్చిన ఏర్పాటు.

వ్యవసాయ సరఫరాను పగటికి మార్చడం కూడా ఇలాంటిదే. సోలార్ మధ్యాహ్నం మిగులుతుంటే, పంపులు అదే వేళ నడిస్తే బ్యాటరీ అక్కర్లేకుండానే ఆ మిగులు నీళ్ల రూపంలో పొలానికి చేరుతుంది. రైతుకు రాత్రి తిప్పలు తప్పుతాయి. సోలార్ యుగానికి తగిన ఈ మార్పుకు కావాల్సింది ఫీడర్ విభజన, పగటి లోడును మోయగల సబ్‌స్టేషన్లు.

ఇతర దేశాలు ఎంచుకున్న దారులు

ఇటలీలో ఎనెల్ సంస్థ 2001–06 మధ్య దాదాపు 3 కోట్ల మీటర్లు మార్చింది. సంస్థ ఒకటే, మీటరు దానిదే, లాభమూ దానిదే. అందుకే పని త్వరగా అయింది. బ్రిటన్‌లో కరెంటు అమ్మే కంపెనీలకు మీటర్ల పని అప్పగించారు. వినియోగదారుడు కంపెనీ మారితే మొదటి తరం మీటర్లు చాలా వరకు స్మార్ట్ పని మానేసి మామూలు మీటర్లలా మిగిలాయి. నెదర్లాండ్స్‌లో తప్పనిసరి మీటర్ల బిల్లును 2009లో ఎగువ సభ అడ్డుకుంది. పావుగంటకోసారి వచ్చే డేటా చూస్తే ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉన్నారో తెలిసిపోతుందన్న గోప్యతా అభ్యంతరం బలంగా వినిపించింది. తర్వాత వద్దనే హక్కుతో కొత్త చట్టం వచ్చింది. జర్మనీ లాభనష్టాల అధ్యయనం చేయించి, అందరికీ పెట్టడం గిట్టదని తేల్చుకుని, ఏడాదికి 6,000 యూనిట్లు దాటి వాడేవారితో మొదలుపెట్టింది. టెక్నాలజీ నాలుగు చోట్లా ఇంచుమించు ఒకటే. ఫలితాలు వేరు కావడానికి కారణం ఎవరి చేతిలో పెట్టారు, ఎవరిని అడిగి పెట్టారు అన్నదే.

నిల్వ: పాత యంత్రాలు, కొత్త అవసరం

బ్యాటరీల ధరలు వేగంగా పడిపోతున్నాయి, నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వచ్చింది. వీటి గురించి వార్తల్లో చాలా వస్తోంది. అయితే నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో దశాబ్దాల కిందే వెనక్కి తిప్పగల యూనిట్లు పెట్టారు. మిగులు కరెంటు ఉన్నప్పుడు నీటిని పైకి తోడి, పీక్ వేళ కిందికి వదలడం వాటి పని. రెండూ కలిపితే 1,500 మెగావాట్లు దాటుతాయి. వాటిని రోజూ ఆ విధంగా నడపాలంటే కింద నీరు నిలిచి ఉండాలి, ఎప్పుడు వదలాలి, ఎప్పుడు తోడాలి అన్న అంగీకారం రెండు రాష్ట్రాల మధ్య ఉండాలి. 2021లో శ్రీశైలంలో విద్యుదుత్పత్తిపై రెండు రాష్ట్రాలూ తలపడిన తీరు చూస్తే ఆ అంగీకారం ఎంత కష్టమో తెలుస్తుంది. సోలార్ ఇంతగా పెరిగిన కాలంలో ఆ యూనిట్ల విలువ కట్టినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ. నీళ్ల లెక్క కుదరక అవి పూర్తిగా ఉపయోగపడకపోవడం రెండు రాష్ట్రాలకూ నష్టం.

రాబోయే ఏళ్లలో ఏం జరగవచ్చు

మొదట కనబడేది వసూళ్లు మెరుగుపడటం. ప్రభుత్వ కార్యాలయాల పాత బకాయిలు కూడా ఇందులోకి వస్తే డిస్కంలకు పెద్ద ఊరట. నష్టాల తగ్గుదల ట్రాన్స్‌ఫార్మర్ మీటర్లు పూర్తయి, ఆ డేటా ఆధారంగా చర్య తీసుకున్న చోటే ఉంటుంది. ఇళ్ల మీద సోలార్ పెరిగే కాలనీల్లో మధ్యాహ్నం వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్లు ఆగిపోయే సమస్య వస్తుంది. అప్పుడు మీటరు చూపే వోల్టేజీ డేటా నిజంగా అవసరమవుతుంది. వేళను బట్టి ధర ఇళ్లకు పూర్తిగా వస్తే తక్కువ వాడేవారికి రక్షణ ఎలా అన్నది పెద్ద చర్చ అవుతుంది.

వీటిలో ఏదీ సర్వర్ గదిలో తేలదు. రెండు రాష్ట్రాల డిస్కంలు ఏటా నవంబర్ నెలాఖరుకు మరుసటి ఏడాది ఆదాయ అవసరాల నివేదికలు నియంత్రణ మండళ్లకు ఇవ్వాలి, వాటిపై బహిరంగ విచారణలు జరుగుతాయి. మీటర్లకు నెలనెలా కట్టే సొమ్ము ఎంత, దాని వల్ల తగ్గిన నష్టం ఎన్ని యూనిట్లు, ఏ ట్రాన్స్‌ఫార్మర్ల కింద, తప్పుగా సరఫరా ఆపితే పరిహారం ఎంత అన్న నాలుగు వివరాలు ఆ నివేదికల్లో విడిగా కనబడాలి. కనబడకపోతే విచారణలో అడిగే హక్కు ఏ వినియోగదారుడికైనా ఉంది.